తాళం లేదా? వేయలేదా? — చీనా మాటల ద్విపాత్రాభినయం

చీనా దేశంలో ఏదో ఒక ఊరి సత్రంలో దిగిన బాటసారి, రాత్రి బయటికి వెళ్ళబోతూ, తన గది తలుపు సంగతి కాపలావానిని అడిగినాడనుకుందాం. కాపలావాడు మూడే మూడు మాటలలో బదులు చెప్పినాడు: "మెన్ మేయ్ స్వో." 'మెన్' అనగా తలుపు. 'మేయ్' అనగా లేదు. 'స్వో' అనగా తాళం. నిఘంటువు చేతబట్టుకొని దేశాటనకు బయలుదేరిన మన బాటసారి, తలుపుకు తాళమే లేదు కాబోలునని తలచి, మూటాముల్లె భుజాన వేసుకొనిపోతాడు. కాపలావాని అభిప్రాయం వేరు కావచ్చును. "తలుపు తాళం వేసి లేదు; మీరు లోపలికి వెళ్ళవచ్చును" అని అతడు చెప్పదలచినాడేమో. విచిత్రమేమంటే ఆ మూడు మాటలకు ఈ రెండు అర్థాలూ సరిగా సరిపోతాయి. ఇందులో బాటసారి తెలివితక్కువతనమూ లేదు, కాపలావాని ఉచ్చారణదోషమూ లేదు.

'స్వో' అనే మాట తాళమనే వస్తువుకూ పేరే, తాళం వేయుట అనే పనికీ పేరే. 'మేయ్' కూడా అటువంటిదే. వస్తువు పేరు ముందు నిలిచినప్పుడు అది 'లేదు' అనే పూర్తి క్రియ. పని పేరు ముందు నిలిచినప్పుడు 'చేయలేదు' అనుటలోని వ్యతిరేకార్థాన్ని మాత్రమే ఇచ్చే సహాయపదం. ఒక మాట వేషం మార్చితే రెండవది కూడా దానికి తగినట్లు మార్చవలసి వచ్చింది. రెండు వేషాలకూ దుస్తులు మాత్రం ఒక్కటే.

తెలుగు విద్యార్థికి ఇది మొదట వింతగా తోస్తుంది గాని, ఆలోచించి చూస్తే మన భాషలోనూ ద్విపాత్రాభినయం చేసే మాటలు లేకపోలేదు. 'పండు' అనేది ఫలానికి పేరు. పక్వమగుట అనే పనికీ అదే ధాతువు. 'కట్టు' గాయానికి చుట్టేదీ అవుతుంది, ఇల్లు విషయంలో చేసే పనీ అవుతుంది. 'చుట్టు' మరింత గడుసుది. అది క్రియ, నామం, పైగా 'ఊరి చుట్టు' అన్నప్పుడు విభక్తి వంటిది కూడా. అయినా మనకు తికమక కలుగదు. 'పండు పండింది' అన్నప్పుడు రెండవదానికి తగిలిన తోక అది క్రియ అని చాటి చెబుతుంది. 'పండును', 'పండుకు', 'పండ్లు' అన్నప్పుడు అది నామమని వేరే చెప్పనక్కరలేదు. తెలుగులో మాట తన కులగోత్రాలను తోకకు కట్టుకొని తిరుగుతుంది.

సంస్కృతంలో ఈ నియమం ఇంకా కఠినం. సుబంతమో తిఙంతమో కానిదే అది పదమే కాదన్నది పాణిని మతం. మరి ఏ ప్రత్యయమూ కనిపించని అవ్యయాల సంగతి ఏమిటంటే, వాటికీ ప్రత్యయం వచ్చి లోపించిందని వైయాకరణులు సమాధానం చెప్పుకున్నారు. ఇంత నిష్ఠగల శాస్త్రం చదివిన పండితుని ముందు చీనా వాక్యమొకటి పెడితే ఏమనేవాడో గదా! ఆ భాషలో నామానికి విభక్తి లేదు, క్రియకు పురుష వచనాలు లేవు, కాలాన్నిబట్టి రూపం మారదు. 'నేను వెళ్తాను', 'వాడు వెళ్ళును', 'వారు వెళ్ళిరి' అన్న అన్నింటిలోనూ క్రియ ఒక్కటే 'ఛ్యూ'.

ఐరోపా పండితులకు ఈ ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దిలో ఎదురైంది. జర్మను తత్త్వవేత్త హుంబోల్ట్ 1827లో అచ్చైన ఒక దీర్ఘలేఖలో, పారిసులోని చీనా భాషాచార్యుడు అబెల్ రెమ్యూసాకు తన సందేహాలన్నీ విన్నవించుకున్నాడు. ఆయన ఆ భాషను మెచ్చుకొంటూనే ఆశ్చర్యపడినాడు. తరువాతి తరంవాడైన ష్లైషర్‌కు అంత సంకోచం లేదు. ప్రత్యయాలు లేని భాషలు మొదటి మెట్టు, ప్రత్యయాలు అంటించుకొనేవి రెండవ మెట్టు, పదమే లోపలినుండి మారే సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు మూడవ మెట్టు అని ఒక నిచ్చెన కట్టినాడు. చీనా భాష అట్టడుగున నిలిచింది. ద్రావిడ భాషలు రెండవ జాతిలో చేరినవి కనుక మన తెలుగుకు దక్కినది నడిమి మెట్టు. ఈ నిచ్చెనను నేడు భాషాశాస్త్రజ్ఞులు ఎవరూ ఎక్కరు. కాని అది కూలిన విధం చెప్పుకోదగ్గది. ఆ సంగతి తరువాత.

ముందు చీనావారి మాట వినాలి. ప్రాచీన చీనా పండితులు పదాలను 'నిండు మాటలు', 'శూన్య మాటలు' అని రెండుగా విభజించుకొని తృప్తిపడినారు. బాలురకు పద్యపాదాలకు జంటలు కట్టుట నేర్పేటప్పుడు, నిండు మాటకు నిండు మాట, శూన్యమైన దానికి శూన్యమైనది ఎదురుగా నిలపాలని అభ్యాసం చేయించేవారు. ఇది వ్యాకరణం కాదు గాని, వ్యాకరణపు పని చేసింది.

లాటిన్ వ్యాకరణాల పద్ధతిలో తన భాషకు సమగ్రమైన వ్యాకరణం వ్రాసిన మొదటి చీనావాడు మా జియన్‌జుంగ్. షాంఘై నగరంలోని జెసూట్ పాఠశాలలో లాటిన్, ఫ్రెంచి నేర్చి, పారిసులో చదివి, లీ హుంగ్‌చాంగ్ అనే మహామంత్రి కొలువులో పనిచేసినాడు. నల్లమందు వ్యాపార విషయమై 1881లో మన దేశానికి కూడా వచ్చి వెళ్ళినాడు. 1895లో జపాను చేతిలో చీనా ఓడిపోయిన అవమానం ఆ తరం విద్యావంతులను కుదిపివేసింది. మన పిల్లలు అక్షరాలు కంఠస్థం చేయడంలోనే బాల్యమంతా గడిపివేస్తున్నారు, పాశ్చాత్యుల పిల్లలు వ్యాకరణం సాయంతో త్వరగా భాష గడించి శాస్త్రాలలోకి పోతున్నారు, దేశం వెనుకబడుటకు ఇదొక కారణం అని ఆయన భావించినాడు. 1898లో వెలువడిన 'మా షీ వెన్‌తుంగ్' ఆ వేదనలోనుండి పుట్టిన గ్రంథం. అందులో పదాలకు తొమ్మిది జాతులు చెప్పినాడు. కాని చీనా మాట చేతికి చిక్కలేదు. మాటకు స్థిరమైన అర్థం లేదు గనుక స్థిరమైన జాతి కూడా లేదని, వాక్యంలో దాని అర్థం చూచి జాతి నిర్ణయించాలని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది.

1924లో లీ జిన్‌షీ ఇదే దారిలో ఇంకొక అడుగు వేసినాడు. (మావో చదువుకొన్న చాంగ్‌షా ఉపాధ్యాయ పాఠశాలలో ఒకప్పటి అధ్యాపకుడీయన.) వాక్యంలో కర్తగానో కర్మగానో నిలిస్తే నామం, ఆఖ్యాతంగా నిలిస్తే క్రియ, వాక్యం నుండి విడదీస్తే మాటకు జాతి లేదు. చూడడానికి చక్కని సూత్రం. దీనిని తుదిదాకా లాగితే మాత్రం చిక్కు వస్తుంది. చీనా భాషలో దాదాపు ప్రతి క్రియా కర్త స్థానంలో నిలువగలదు. 'వెళ్ళకపోయినా మంచిదే' అనుటకు 'బూ ఛ్యూ యే హావ్' అంటారు. ఇక్కడ 'ఛ్యూ' కర్త స్థానంలో ఉన్నది గనుక నామమని చెబితే, ప్రతి క్రియా నామమవుతుంది, ప్రతి విశేషణమూ నామమవుతుంది. అన్ని మాటలూ అన్నీ అయినప్పుడు జాతులు చెప్పి ప్రయోజనమేమి?

ఈ ప్రశ్న 1953లో పెద్ద దుమారం లేపింది. పారిసులో చదువుకొని వచ్చిన గావ్ మింగ్‌కై, చీనా నిండు మాటలకు జాతిభేదమే లేదని ఒక వ్యాసం వ్రాసినాడు. జాతిని తెలిపేది రూపం. రూపభేదం లేని భాషలో జాతి ఎక్కడిది? అన్నాడు. రెండేళ్ళపాటు పత్రికలలో వాదప్రతివాదాలు నడిచినాయి. లూ షూశియాంగ్ వంటి ఉద్దండులు కలుగజేసుకున్నారు. ఇది పండితుల కాలక్షేపం మాత్రం కాదు. అప్పుడే దేశమంతటా పాఠశాలలకు ఒకే వ్యాకరణపాఠం తయారవుతున్నది. జాతులే లేవంటే ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద ఏమి వ్రాయాలి? 1956లో సిద్ధమైన బోధనా వ్యాకరణం పదకొండు జాతులను అంగీకరించింది. కర్త స్థానంలో నిలిచిన క్రియలు 'నామీకృతమైనవి' అని సర్దుబాటు చేసింది.

ఆ సర్దుబాటును మెచ్చనివాడు జూ దషీ. 1952 నుంచి 1955 వరకు బల్గేరియా రాజధాని సోఫియాలోని విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు చీనా భాష బోధించినవాడు. పుట్టుకతో రాని భాషను ఇతరులకు నేర్పేటప్పుడు గాని, మనకు తెలిసినదేమిటో మనకు తెలియదు. ఇరువురు సహచరులతో కలిసి 1961లో వ్రాసిన వ్యాసంలో ఆయన చేసిన వాదం సులభంగా అర్థమయ్యేదే. మాట ఏ పీట మీద కూర్చున్నదో చూడవద్దు, ఎవరెవరితో పొత్తు కుదురుతుందో చూడండి అన్నది దాని సారం. పై ఉదాహరణలో 'ఛ్యూ' కర్త స్థానంలో ఉండికూడా 'బూ' అనే నిషేధపదాన్ని వెంట తెచ్చుకున్నది. 'బూ' క్రియల, విశేషణాల ముందే గాని నామాల ముందు నిలువదు. కనుక 'ఛ్యూ' పీట మారినా జాతి మారలేదు. అది క్రియే.

ఈ పొత్తుల పరీక్ష ఎంత ఉపయోగకరమో కొన్ని మాటల మీద చూడవచ్చును. చీనాలో వస్తువులను లెక్కించునప్పుడు సంఖ్యకూ వస్తువుకూ నడుమ ఒక గణనపదం ఉండి తీరాలి. మనం 'ఒక గుత్తి', 'రెండు జతలు' అన్నట్లు కాదు. అక్కడ ప్రతి వస్తువుకూ కావాలి. బల్లకు ఒకటి, పుస్తకానికి ఒకటి, తాళానికి ఒకటి. గణనపదాన్ని స్వీకరించేది నామం, 'బూ'ను స్వీకరించేది క్రియో విశేషణమో. 'జ్వోజ' అనగా బల్ల. దీనికి గణనపదం చేరుతుంది, 'బూ' చేరదు. కనుక నామం మాత్రమే. 'ఛ్యూ'కు 'బూ' చేరుతుంది, గణనపదం చేరదు. క్రియ మాత్రమే. 'స్వో'కు రెండూ చేరుతాయి. కనుక ఇది నిజమైన ద్విపాత్రధారి. 'హ్వా' కూడా అంతే. చిత్రమన్నా 'హ్వా', చిత్రించుట అన్నా 'హ్వా'. 'బొమ్మ గీయుట' అనుటకు చీనావారు 'హ్వా హ్వా' అంటారు. ఒకే మాట రెండుసార్లు, ఒకే లిపి, ఒకే స్వరం. మొదటిది క్రియ, రెండవది నామం. చీనా పిల్లవానికి ఇందులో వింత ఏమీ తోచదు, మన పిల్లవానికి 'పండు పండింది' తోచనట్లే.

ఈ పరీక్ష పెట్టి చూస్తే ద్విపాత్రధారులు విద్యార్థి భయపడేటన్ని ఉండరు. 'చీనాలో ఏ మాటనైనా ఎలాగైనా వాడవచ్చును' అనే ప్రచారం నమ్మి 'బూ జ్వోజ' అన్నవాడు నవ్వులపాలవుతాడు. రెండవ ప్రమాదం లిపి తెచ్చేది. 'హ్వ' అనే ఒకే అక్షరం పువ్వు అనీ, డబ్బు ఖర్చుపెట్టుట అనీ రెండర్థాలిస్తుంది. దీనిని చూచి నామమే క్రియ అయినదని భ్రమపడరాదు. పువ్వుకూ ఖర్చుకూ సంబంధం లేదు. ఇవి ఒకే లిపిలో దాగిన రెండు వేరు మాటలని నిఘంటుకారులు విడదీసి చూపుతారు. జతగాడు అనే 'తోడు', నీళ్ళు చేదుట అనే 'తోడు' మనకు వేరు మాటలే గదా. చీనాలో ప్రామాణికమైన 'ఆధునిక చీనా నిఘంటువు' అన్ని మాటలకూ వ్యాకరణజాతిని గుర్తించి అచ్చువేసినది 2005 నాటి అయిదవ కూర్పులోనే. మా జియన్‌జుంగ్ గ్రంథానికి నూటఏడేళ్ళ తరువాత!

కొన్ని మాటలు వస్తువు, పని అనే రెండు గదుల మధ్య తిరిగితే, మరికొన్ని పూర్తి మాటగా పుట్టి, అరిగి అరిగి, ప్రత్యయం వంటి స్థితికి చేరినాయి. నాకు మిక్కిలి ఇష్టమైనవి ఇవే. 'బా' అనగా మొదట చేతితో పట్టుకొనుట. పిడి ఉన్న వస్తువులను, పట్టుకొని వాడేవాటిని లెక్కించడానికి అదే గణనపదమైంది. 'ఈ బా దావ్' అంటే ఒక కత్తి. 'ఈ బా స్వో' అంటే ఒక తాళం. తాంగు రాజుల కాలం నాటికి ఆ 'బా' ఇంకొక దారి కూడా పట్టింది. 'తలుపును తాళం వెయ్యి' అనుటకు 'బా మెన్ స్వో షాంగ్' అంటారు. ఇక్కడ 'బా' పట్టుకొనుటా కాదు, లెక్కా కాదు. మన ద్వితీయా విభక్తి 'ను' చేసే పని చేస్తున్నది, తలుపుకు వెనుక గాక ముందు నిలిచి. తెలుగువానికి ఇది నమ్మశక్యం కాని సంగతి ఏమీ కాదు. 'దానినిబట్టి' అంటున్నప్పుడు ఆ 'బట్టి' మన 'పట్టు' ధాతువు బిడ్డే. హిమాలయాలకు అటూ ఇటూ 'పట్టుకొనుట' అనే క్రియ వ్యాకరణానికి ఊడిగం చేయడానికి కుదిరింది.

'జాయ్' ఇంకొకటి. (ఇందులోని జకారాన్ని మన 'జల్లెడ'లోని జకారం వలె దంత్యంగా పలకాలి; ఈ విషయంలో తెలుగువాడు అదృష్టవంతుడు.) 'తా జాయ్ జ్యా': వాడు ఇంట ఉన్నాడు. ఇక్కడ 'జాయ్' క్రియ. 'తా జాయ్ జ్యా ఛ్ర్ ఫాన్': వాడు ఇంట్లో అన్నం తింటాడు. ఇక్కడ అదే మాట 'లో' అయినది. 'తా జాయ్ ఛ్ర్ ఫాన్': వాడు అన్నం తింటూ ఉన్నాడు. ఇక్కడ 'జాయ్' జరుగుతున్న పనిని సూచించేది. మన 'తింటూ ఉన్నాడు' లోని 'ఉండు' కూడా ఇదే పని చేయడం లేదా? వెనుక వచ్చిన మాటనుబట్టి మూడింటినీ పోల్చవచ్చును. వెనుక స్థలం మాత్రమే ఉంటే క్రియ, స్థలమూ పనీ ఉంటే విభక్తి, పని మాత్రమే ఉంటే కాలసూచకం. ఇంకొకటి చెప్పాలి. 'తా బూ జాయ్' అంటే వాడు ఇక్కడ లేడు. చివర 'లె' అనే చిన్న మాట చేర్చి 'తా బూ జాయ్ లె' అంటే, సందర్భాన్నిబట్టి, ఆయన ఇక లేరు అని కూడా అర్థం. మరణాన్ని మెల్లగా చెప్పడానికి ఆ దేశంవారికీ మనకూ 'లేకపోవుట'యే దొరికింది.

విశేషణాల విషయంలో ఒక ముచ్చటైన పరీక్ష ఉన్నది. 'గావ్‌షింగ్' అనగా సంతోషం గల. అక్షరం అక్షరాన్నీ రెట్టించి 'గావ్‌గావ్ షింగ్‌షింగ్' అంటే విశేషణం: ఎంతో సంతోషంగా. మాటంతటినీ రెట్టించి 'గావ్‌షింగ్ గావ్‌షింగ్' అంటే క్రియ: కాసేపు సంతోషపడు. ప్రత్యయం లేని భాష ఆమ్రేడితంతో జాతిని తెలుపుతున్నది. రూపమే లేదన్న గావ్ మింగ్‌కైకి ఇటువంటి ఉదాహరణలే గట్టి జవాబు అని నా ఉద్దేశం.

స్థిరంగా రెండు పాత్రలు ధరించుట వేరు, కవి ఒక్క రాత్రికి వేషం కట్టించుట వేరు. సుంగు రాజుల కాలంలో మంత్రిగా, కవిగా ప్రసిద్ధుడైన వాంగ్ ఆన్‌షి (1021–1086) ఒకసారి యాంగ్‌సీ నదీతీరాన నావ నిలిపి నాలుగు పాదాల పద్యం వ్రాసినాడు. దక్షిణతీరాన్ని వసంతవాయువు ఏమి చేసినదో చెప్పే చోట ఒక్క అక్షరపు క్రియ కావాలి. చిత్తుప్రతిని గూర్చి హుంగ్ మాయ్ అనే పండితుడు తన జ్ఞాపికలలో వ్రాసిపెట్టినాడు. కవి మొదట 'చేరింది' అని వ్రాసి, బాగులేదని కొట్టివేసి, 'దాటింది' అని, తరువాత 'ప్రవేశించింది' అని, తరువాత 'నింపింది' అని, ఇట్లు పదికి పైగా మార్చి, తుదకు 'ల్యూ' అని నిలిపినాడట. 'ల్యూ' అనగా ఆకుపచ్చ. కొట్టివేసినవన్నీ క్రియలు, నిలిచినది విశేషణం. గాలి తీరాన్ని పచ్చన చేసింది. తెలుగులో 'పచ్చన చేసెను' అని రెండు మాటలు వాడితే గాని రాని భావం అక్కడ ఒక మాట చోటు మారుటతో వచ్చింది. ఆ మాట నిత్యవ్యవహారంలో విశేషణం గనుకనే ఆ ఒక్క చోట మెరిసింది. జాతులు లేని భాషలో ఈ మెరుపు సాధ్యం కాదు.

ఇక నిచ్చెన కూలిన సంగతి. చీనాలో అక్షరాన్ని నాలుగు స్వరాలలో పలుకుతారు. తెలుగు లిపి వాటిని చూపలేదు. 'హావ్' మూడవ స్వరంలో పలికితే మంచి. నాలుగవ స్వరంలో పలికితే ఇష్టపడుట. 'జుంగ్' మూడవ స్వరంలో విత్తనం, నాలుగవ స్వరంలో నాటుట. 'దింగ్' మొదటి స్వరంలో మేకు, నాలుగవ స్వరంలో మేకు కొట్టుట. లిపి మూడింటిలోనూ మారదు. స్వరం మాత్రం మారుతుంది. మారి చేరేది తరచుగా ఆ నాలుగవ స్వరానికే. ఇదేమి పక్షపాతం? ఫ్రెంచి పండితుడు ఓద్రికూర్ 1954లో వియత్నాం భాష స్వరాలను పరిశోధిస్తూ, ఈ స్వరం ఒకప్పుడు పదాంతంలో ఉన్న సకారం అరిగిపోగా మిగిలిన గుర్తు అని చూపినాడు. చీనాకు కూడా అది వర్తిస్తుందన్న అభిప్రాయం నేడు బహుళంగా ఆమోదం పొందింది. అనగా 'విత్తనం' అనే మాటకు ఒక సకారం చేర్చి 'నాటుట' అనే మాట చేసుకున్న కాలం ఒకటి ఉండేదన్నమాట. ప్రత్యయం పోయింది, దాని నీడ కంఠస్వరంలో నిలిచింది. ప్రత్యయాలు ఇంకా నేర్వని శైశవభాష అని ష్లైషర్ అట్టడుగున నిలిపినది, నిజానికి ప్రత్యయాలను వాడి, వదలి, వేరు మార్గం చూచుకొన్న భాష.

ఈ భాష నేర్వగోరే విద్యార్థికి చిన్న ఉపాయం ఒకటి ఉన్నది. మాటను ఒంటరిగా బట్టీపట్టరాదు. నామాన్ని దాని గణనపదంతో, క్రియను దాని 'బూ'తో కలిపి నేర్వాలి. 'స్వో: తాళం' అని వ్రాసుకున్నవాడు సత్రం తలుపు దగ్గర నిలిచిపోతాడు. 'ఈ బా స్వో', 'బూ స్వో' అని జంటగా వ్రాసుకున్నవానికి ఆ మాట రెండు ముఖాలూ మొదటినాడే తెలిసిపోతాయి.

మన కాపలావాడు అనుమానానికి తావు లేకుండా చెప్పదలచుకుంటే ఏమనాలి? 'షాంగ్' అనే మాట ఒకటి చేర్చితే చాలును. 'మెన్ షాంగ్ మేయ్ స్వో' అంటే తలుపు మీద తాళం లేదు. 'మెన్ మేయ్ స్వో షాంగ్' అంటే తలుపు తాళం పడలేదు. మొదటి దానిలో 'షాంగ్' అనగా మీద. రెండవ దానిలో పని పూర్తి అగుటను తెలిపేది. ద్విపాత్రధారుల తగవు తీర్చడానికి వచ్చిన ఈ పెద్దమనిషి కూడా రెండు వేషాలవాడే.